మొయాబిత్ ఖైదీ మీద పూర్వపక్షం

(రేపు సాయంత్రం ఊరి గ్రంథాలయంలో సాహిత్య సభ. అమ్మాయి అక్కడ ముసా జలీల్ అనే తాతార్ కవి, పత్రికా రచయిత గురించి మాట్లాడాలి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకి చిక్కి, బెర్లిన్‌లోని మొయాబిత్ జైల్లో పద్యాలు రాసి, చివరికి వాళ్ళ చేతిలో తల పోగొట్టుకున్న సోవియట్ సైనికుడు ఆయన. బాబాయి పత్రికాఫీసులో డెస్కు మీద ముప్పై ఏళ్ళకు పైగా కూర్చుని రిటైరైన మనిషి. ప్రసంగం కాగితాలు చేతికివ్వగానే అలవాటు కొద్దీ ఎర్ర పెన్ను తీశాడు. వరండాలో రెండు కుర్చీలు, మధ్యలో చల్లారిపోతున్న టీ.)

బాబాయి: మొదటి పేరాలోనే ‘అమరకవి’ అని రాశావు. కొట్టేస్తున్నా.

అమ్మాయి: అప్పుడేనా బాబాయ్? రెండో వాక్యం కూడా చదవలేదు మీరు.

బాబాయి: చదవక్కర్లేదు. ఫొటోకి దండ తగిలించినంత సులువుగా తగిలిస్తారు ఆ మాట. రేపు నీకు చప్పట్లు కొట్టేవాళ్ళు బోలెడుమంది ఉంటారు. అడ్డం తిరిగేవాడు ఒక్కడైనా ఉండాలిగా, ఆ పని ఇవాళ నేను చేస్తా. వెనకటి పండితులు ఎదుటివాడి వాదం వాడికంటే గట్టిగా చెప్పి, ఆ తర్వాతే తమ మాట నిలబెట్టుకునేవాళ్ళు. ఇవాళ్టికి నేను పూర్వపక్షం. కానియ్.

అమ్మాయి: సరే, నా మాట ఇది. జలీల్‌ని అందరూ ముందు వీరుడంటారు, తర్వాత కవి అంటారు. నేను ముందు పత్రికల మనిషిగా చూడమంటున్నాను. జైల్లో ఆయన రాసిన ఆ రెండు చిన్న నోటుపుస్తకాలు కూడా పత్రికల మనిషి తీసిన ఆఖరి సంచికలే.

బాబాయి: వినడానికి బావుంది. నా మాట కూడా విను. ఆయన తల తెగి ఉండకపోతే ఆ పుస్తకాలు నువ్వూ చదివేదానివి కాదు, నేనూ చదివేవాణ్ణి కాదు. చచ్చిపోయినవాడి కవిత్వాన్ని ఎవరూ తూకం వెయ్యరు, తప్పని మొహమాటపడతారు. ముందు మనిషెవరో చెప్పు. సభలో సగం మందికి తాతార్లంటే చెంఘిజ్ ఖాన్ గుర్రాలే గుర్తొస్తాయి.

అమ్మాయి: రష్యాలో ఓల్గా నది తీరపు జనం. తుర్కీ కుటుంబపు భాష, ఇస్లాం సంప్రదాయం, కజాన్ రాజధాని. జలీల్ పుట్టింది మాత్రం కజాన్‌కి చాలా దూరంగా, ఒరెన్‌బర్గ్ ప్రాంతంలో ముస్తఫినో అనే పల్లెలో, 1906 ఫిబ్రవరి 15న. ఒరెన్‌బర్గ్‌లోని హుసేనియా మదరసాలో చదివాడు. ఖురానుతో పాటు లౌకిక విద్యలూ నేర్పే కొత్త పద్ధతి బడి అది. 1919లో, పదమూడో ఏట, ‘కిజిల్ యోల్డిజ్’ అనే పత్రికలో తొలి పద్యం అచ్చయింది. ఆ పేరుకి ఎర్ర నక్షత్రం అని అర్థం. 1922లో కజాన్ వచ్చి ‘కిజిల్ తాతారిస్తాన్’ పత్రికాఫీసులో నకళ్ళు రాసే గుమాస్తాగా చేరాడు.

బాబాయి: నకలు గుమాస్తానా? అది చెప్పవేం, ఇక్కడ కాగితాల్లో లేదు! ఊళ్ళ నుంచి వచ్చిన కోడిగీతల రాతలు సాఫు చేసి రాసే పని. దానికంటే మంచి బడి లేదు. రాయి, పెట్టుకో.

అమ్మాయి: చూశారా, నా వైపుకే వస్తున్నారు.

బాబాయి: తొందరపడకు. 1925లో వచ్చిన మొదటి సంపుటి పేరేంటి? ‘బరబిజ్’. మేం నడుస్తున్నాం అని. పేరు చెబితేనే డప్పు వినపడుతోంది. ఆ రోజుల్లో కొమ్సొమోల్, అదే కమ్యూనిస్టు యువజన సంఘం, బ్యాడ్జి పెట్టుకున్న ప్రతి కుర్రాడూ అదే రాశాడు. ఇందులో జలీల్ ఎక్కడున్నాడు?

అమ్మాయి: లేడు. ఒప్పుకుంటాను. యుద్ధానికి ముందు రాసిన వాటిలో చాలా భాగం నేను రెండోసారి చదవను. అందుకే పత్రికలు అంటున్నాను. 1927లో మాస్కో వెళ్ళాడు. 1931లో అక్కడి విశ్వవిద్యాలయంలో సాహిత్యం పూర్తి చేశాడు. ఆ సంవత్సరం నుంచే మాస్కోలో అచ్చయ్యే తాతార్ పిల్లల పత్రికలకి సంపాదకుడు. ఆ తర్వాత ‘కమ్యూనిస్ట్’ అనే తాతార్ పత్రికలో సాహిత్య, కళా విభాగం చూశాడు. పిల్లల కోసం రాయడం, కార్మికుల కోసం రాయడం, జాగా కొలుచుకుని రాయడం అన్నీ అక్కడే పట్టుబడ్డాయి.

బాబాయి: హాస్టల్లో ఆయన గదిలో ఉన్నదెవరో తెలుసా నీకు?

అమ్మాయి: వర్లామ్ షలామొవ్. మీరు అడగరనుకున్నాను.

బాబాయి: ఎందుకడగను! తర్వాత సైబీరియా చివర కొలీమా ఖైదు శిబిరాల్లో ఏళ్ళ తరబడి మగ్గి, ఆ చలినీ ఆకలినీ కథలుగా రాసినాయన. ముసలితనంలో జలీల్ మీద కూడా ఒక చిన్న జ్ఞాపకం రాశాడు. ఒకే గదిలో రెండు మంచాలు. ఒకణ్ణి సొంత ప్రభుత్వమే లోపలేసింది, ఇంకొకణ్ణి శత్రువు లోపలేశాడు. ఇదీ నీ ప్రసంగంలో లేదు.

అమ్మాయి: ఇరవై నిమిషాలే ఇచ్చారు బాబాయ్.

బాబాయి: అయితే ‘అమరకవి’ లాంటివి తీసెయ్, టైం మిగులుతుంది. ఇప్పుడు అసలు దెబ్బ. 1937, 38ల్లో, స్టాలిన్ అరెస్టుల కాలంలో, తాతార్ సాహిత్యానికి ఏం జరిగింది? గలిమ్‌జాన్ ఇబ్రహీమొవ్ అంతటి నవలాకారుడు 1938 జనవరిలో జైల్లోనే పోయాడు. నాటకాల కరీం తించూరిన్‌ని అదే ఏడాది కాల్చేశారు. 1940లో కవి హసన్ తుఫాన్‌ని పట్టుకుపోయారు. మరి 1939 నుంచి తాతారిస్తాన్ రచయితల సంఘానికి పెద్ద ఎవరు? నీ జలీల్. ఖాళీ అయిన కుర్చీల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దీనికేమంటావు?

(కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు.)

అమ్మాయి: ఏమీ అనను. ఆ కుర్చీ విషయంలో ఆయన్ని వెనకేసుకురాను. ఆ రోజుల్లో అక్కడ కూర్చున్న ఎవరినీ వెనకేసుకురాలేను. అప్పటికి ఆయన కజాన్ ఒపెరా పనిలో మునిగి ఉన్నాడు. నజీబ్ జిగానొవ్ సంగీతానికి ‘అల్తిన్‌చెచ్’ అనే ఒపెరా రాశాడు, బంగారు జుట్టు పిల్ల కథ. ‘ఆయనకేమీ తెలియదు’ అని మాత్రం చెప్పను. అందరికీ తెలుసు.

బాబాయి: ఈ ముక్క రేపు చెబుతావా?

అమ్మాయి: చెబుతాను.

బాబాయి: అయితే నీతో వాదించొచ్చు. యుద్ధంలోకి రా.

అమ్మాయి: 1941లో సైన్యంలోకి పిలిచారు. 1942 మొదట్లో లెనిన్‌గ్రాడ్‌కి ఆగ్నేయంగా వోల్ఖొవ్ యుద్ధరంగానికి పంపారు. అక్కడి సోవియట్ సైన్యం, రెండో షాక్ ఆర్మీ అంటారు, దాని పత్రిక ‘ఒత్వాగా’కి విలేఖరి. ఆ మాటకి ధైర్యం అని అర్థం. అంతకుముందు అదే పత్రికలో పనిచేసిన కుర్ర కవి సెవొలొద్ బగ్రిత్స్కీ ఫిబ్రవరిలోనే చనిపోయాడు. ఆ సైన్యం మొత్తం అడవుల్లో, బురదనేలల్లో జర్మన్ల చక్రబంధంలో పడింది. జూన్ 26న జలీల్ బాగా గాయపడి శత్రువుకి చిక్కాడు.

బాబాయి: ఆ సైన్యాధిపతి పేరు?

అమ్మాయి: జనరల్ వ్లాసొవ్. ఆయనా తర్వాత నెలలోనే చిక్కాడు. చిక్కి, జర్మన్ల పక్షాన చేరి, రష్యన్ ఖైదీలతో సైన్యం కట్టాడు.

బాబాయి: కదా. మరి జలీల్ కూడా జర్మన్లు కట్టిన ఇదెల్–ఉరల్ లీజియన్‌లో చేరాడు. తాతార్లు, బష్కీర్లు, చువాష్‌లు, ఇలా ఓల్గా ప్రాంతపు ఖైదీలందరితో పోగుచేసిన దండు. గుమెరొవ్ అని మారుపేరు పెట్టుకుని సాంస్కృతిక ప్రచారం పేరుతో జర్మన్ల రైళ్ళలో శిబిరాలు తిరిగాడు. పాటగాళ్ళ బృందాన్ని కూడగట్టాడు. వ్లాసొవ్‌ది ద్రోహం, జలీల్‌ది త్యాగమా? బయట నుంచి చూసినవాడికి ఇద్దరివీ ఒకే రంగు బట్టలు!

అమ్మాయి: బయట నుంచి చూస్తే అంతే. లోపల ఏం జరిగిందో జర్మన్ల కోర్టే చెప్పింది. ఈ విషయంలో ఆయన్ని పొగిడే అవసరం లేని సాక్షి అదొక్కటే. ఆ తిరుగుళ్ళే ఆయనకి తెర. ఒక శిబిరం నుంచి ఇంకో శిబిరానికి కబురు చేరెయ్యడం, నమ్మదగ్గ మనిషిని ఏరడం, బెర్లిన్‌లో కరపత్రాలు వేయించడం అన్నీ దాని చాటునే. లీజియన్‌లో మొదట యుద్ధానికి పంపింది 825వ బెటాలియన్‌ని. 1943 ఫిబ్రవరిలో బెలారుస్‌లో వీతెబ్స్క్ దగ్గర దిగారో లేదో, ఐదు వందలకు పైగా మనుషులు ఆయుధాలతో సహా గెరిల్లాల వైపు వెళ్ళిపోయారు.

బాబాయి: ఆ తిరుగుబాటులో జలీల్ చెయ్యి ఎంత? ఆయన లీజియన్‌లోకి వచ్చేసరికి ఆ బెటాలియన్ బయల్దేరే వేళయింది. చరిత్రకారులు ఇప్పటికీ తగువు పడుతున్నారు. నువ్వేమో ఇక్కడ ‘జలీల్ నాయకత్వంలో’ అని ఏకవాక్యంగా తేల్చేశావు. డెస్కులో ఇలాంటి కాపీ వస్తే నేను వెనక్కి పంపేవాణ్ణి.

అమ్మాయి: సరే, అక్కడ గీత పెట్టండి.

బాబాయి: ఇంకోటి. తీర్పు కాగితాల్లో మొదటి పేరెవరిది? కుర్మాష్. ‘కుర్మాషెవ్, ఇంకా పదిమంది’ అని ఉంది. గైనాన్ కుర్మాష్ అనే కుర్రాడు. లీజియన్‌లోని ఆ రహస్య ముఠాకి మూలస్తంభం వాడే అనే వాళ్ళున్నారు. పదకొండు మంది తలలు తెగితే ఒక్క పేరే ఎందుకు నిలిచింది? కవి కాబట్టి. నీ ప్రసంగంలో కూడా పదిమందీ ‘ఆయన సహచరులు’ అయిపోయారు. నా కోపమంతా అక్కడే ఉంది, అమ్మడూ. వీరుణ్ణి నిలబెట్టడానికి మిగతా వాళ్ళని పునాదిలో పూడ్చేస్తారు.

అమ్మాయి: ఆ పదిమందిలో అబ్దుల్లా అలిష్ కూడా ఉన్నాడు. పిల్లల కథలు రాసేవాడు. నోట్లో రహస్యం దాగని బాతు ఒకటి ఉంటుంది ఆయన కథలో, తాతార్ పిల్లలందరికీ తెలుసు. అలాంటి కథ రాసిన మనిషి అంత పెద్ద రహస్యం మోశాడు. చివరికి ఎవడో ఒక బాతు దొరకనే దొరికింది. తిరుగుబాటుకి ముహూర్తం పెట్టుకుని, ఇంకా కొద్ది రోజులుందనగా, 1943 ఆగస్టులో అందరినీ పట్టుకున్నారు.

బాబాయి: ఆ బాతు సంగతి ఉంచు. చాలా బావుంది. విచారణ ఎప్పుడు?

అమ్మాయి: 1944 ఫిబ్రవరి, డ్రెస్‌డెన్‌లో. పదకొండు మందికీ మరణశిక్ష. ఆగస్టు 25న బెర్లిన్ ప్లొట్‌జెన్‌సీ జైల్లో గిలటిన్. మధ్యాహ్నం 12 దాటాక మొదలుపెట్టి, మూడు నిమిషాలకొకరు చొప్పున అరగంటలో ముగించారు. రికార్డులో నిమిషాలు కూడా రాసుకున్నారు.

బాబాయి: రాసుకుంటారు. జర్మన్లు కదా. ...సరే, ఇక నీ ‘ఆఖరి సంచికలు’ నిరూపించు. నాకు అది ఉపమానంలా ఉంది, వాదంలా లేదు.

అమ్మాయి: ఉపమానం కాదు, చూడండి. బెర్లిన్ మొయాబిత్ జైల్లో ఆయన చేతికందినవి చిత్తు ముక్కలు. వాటిని కుట్టుకుని అరచేతిలో పట్టే పుస్తకం చేశాడు. ఒకదాని కొలత తొమ్మిదిన్నర సెంటీమీటర్లు, ఏడున్నర సెంటీమీటర్లు. రెండోది ఇంచుమించు అంతే. మన గుమాస్తాల జేబులో ఉండే పద్దు పుస్తకం కంటే చిన్నవి. చీమల బారులాంటి అక్షరాలు. పద్యాల కింద తేదీలు. రెండోదాని అట్ట మీద కాపలావాళ్ళ కళ్ళు కప్పడానికి భాషా పదకోశం అన్నట్టు రాశాడు.

బాబాయి: తేదీ వేసినవన్నీ పత్రికలైతే మా ఇంటి పాలపుస్తకం కూడా పత్రికే.

అమ్మాయి: వినండి. పాఠకుణ్ణి సూటిగా పిలుస్తాడు. తాతార్ చదవగలిగిన మిత్రుడికి అని మొదలుపెట్టి, ఇది చేతికందినవాళ్ళు శుభ్రంగా ఎత్తిరాసి దాచండి, యుద్ధం అయ్యాక నా వాళ్ళకి చేర్చండి, అచ్చు వేయండి అని అడుగుతాడు. తనతో పట్టుబడ్డ వాళ్ళ పేర్లు రాసిపెడతాడు. అంటే వార్త, సంతకం, తేదీ, చిరునామా, అచ్చుకి సూచన అన్నీ ఉన్నాయి. నకలు గుమాస్తాగా మొదలైన మనిషి ఆఖర్న నకలు రాయమని ఎవరో ముక్కూ మొహం తెలియనివాణ్ణి అడుగుతున్నాడు.

బాబాయి: (పెన్ను మూత పెడుతూ) ఊఁ.

అమ్మాయి: ఇంకా ఉంది. ఏ లిపిలో రాశాడో తెలుసా? తాతార్ భాషకి పాతకాలం నుంచీ అరబీ లిపి. 1920ల చివర్లో ప్రభుత్వం దాన్ని తీసేసి లాటిన్ లిపి పెట్టింది. 1939లో దాన్నీ తీసేసి రష్యన్ అక్షరాలు పెట్టింది. పన్నెండేళ్ళలో మూడు లిపులు! రాత్రికి రాత్రి అచ్చక్షరాలు పాతసామాను కింద పోయాయి, చదువుకున్న తాతలు మనవల పుస్తకాల ముందు నిరక్షరాస్యులయ్యారు. జలీల్ ఆ మూడు లిపుల్లోనూ పత్రికల పని చేసినవాడు. జైల్లో మొదటి పుస్తకం అరబీ లిపిలో, రెండోది లాటిన్‌లో రాశాడు.

బాబాయి: అధికారిక లిపిలో ఒక్కటీ లేదా?

అమ్మాయి: ఆ రెండూ కావు.

బాబాయి: దాన్నుంచి పెద్ద సిద్ధాంతాలు లాగకు. చిన్నప్పుడు పలక మీద దిద్దిన అక్షరాలు చేతికి ముందొస్తాయి, అంతే. ప్రభుత్వం మీద తిరుగుబాటు అని రాశావంటే నవ్వుతారు.

అమ్మాయి: అలా రాయలేదు. చేతికి ముందొచ్చింది అన్నదే నాకు చాలు.

బాబాయి: సరే, పూర్వపక్షం ఇంకా బతికే ఉంది. పత్రికంటే రాస్తే సరిపోదు, పంపిణీ ఉండాలి. కట్టలు బస్సెక్కాలి. జైల్లో రాసుకున్నది డైరీ అవుతుంది గానీ పత్రిక ఎలా అవుతుంది?

అమ్మాయి: పంపిణీ ఉంది. నా ప్రసంగంలో అసలు భాగం అదే, మీరు ఇంకా ఆ పేజీకి రాలేదు. రెండో పుస్తకాన్ని పక్కన ఖైదీగా ఉన్న ఆంద్రే టిమ్మర్‌మన్స్ అనే బెల్జియం దేశస్థుడి చేతిలో పెట్టాడు. ఆయనకి తాతార్ ఒక్క ముక్క రాదు. ఏం రాసుందో తెలియని పుస్తకం దాచి, ఇంటికి తీసుకెళ్ళి, 1947లో బ్రస్సెల్స్‌లో సోవియట్ దౌత్య కార్యాలయంలో ఇచ్చాడు. మొదటి పుస్తకం అంతకుముందే, 1946లో, నిగ్మత్ తెరెగులొవ్ అనే మాజీ ఖైదీ కజాన్ రచయితల సంఘానికి తెచ్చి ఇచ్చాడు.

బాబాయి: తెచ్చినాయనకి సన్మానం చేశారా?

అమ్మాయి: అరెస్టు చేశారు. శిబిరంలో చనిపోయాడు.

బాబాయి: ...

అమ్మాయి: అదే 1946లో సోవియట్ భద్రతా శాఖ జలీల్ మీద దేశద్రోహం ఫైలు తెరిచింది. మరుసటి ఏడు ప్రమాదకరమైన నేరస్థుల జాబితాలో పేరెక్కించింది. మనిషి పోయి రెండేళ్ళయినా వెతికారు. జర్మన్లు తల తీసిన సంగతి వీళ్ళకి తెలియదో, తెలిసీ నమ్మలేదో. భార్యకీ, చిన్నపిల్ల చుల్పాన్‌కీ ద్రోహి కుటుంబం అన్న చూపులు మిగిలాయి. స్నేహితుడు, విమర్శకుడు గాజీ కాషాఫ్ మాత్రం పట్టు వదల్లేదు. స్టాలిన్ 1953 మార్చి 5న పోయాడు. ఏప్రిల్ 25న మాస్కో సాహిత్య పత్రిక ‘లితెరతూర్నయా గజేతా’లో దాని ఎడిటర్ కొన్‌స్తంతిన్ సీమొనొవ్ జలీల్ పద్యాలు వేశాడు.

బాబాయి: ఏడు వారాలు! అక్కడ మాత్రం నేను టోపీ తీస్తా. ఎడిటర్ అనేవాడికి ఎప్పుడు వేయాలో తెలియాలి. పత్రికలోనే పునర్జన్మ అంటావు?

అమ్మాయి: మీరే అన్నారు. రాసుకుంటున్నా.

బాబాయి: రాసుకో, ఆ వెనకే ఇది కూడా రాయి. 1956లో సోవియట్ యూనియన్ వీరుడు, 1957లో లెనిన్ బహుమతి. పదేళ్ళలో ద్రోహి ముద్ర పోయి వీరుడి ముద్ర పడింది. కజాన్ కోట, క్రెమ్లిన్ అంటారు, దాని ముందు ముళ్ళతీగ తెంచుకుంటున్న కంచు విగ్రహం. ఒపెరా హౌస్‌కి ఆయన పేరు. మిగతా పదిమందికి? 1990 దాకా ఒక పతకం కూడా లేదు. ద్రోహి అన్నప్పుడు ఆ పుస్తకం ఎవరూ చదవలేదు. వీరుడన్నప్పుడు మాత్రం చదివారా? ఏరుకున్నారు. మొదట నేనన్నది అదే. కత్తి చదివించింది.

అమ్మాయి: ఏరుకున్నారు, నిజం. పిల్లల్ని తల్లులతో సహా గుంట ముందు నిలబెట్టి కాల్చే దృశ్యం మీద రాసిన పద్యం ప్రతి పాఠ్యపుస్తకంలోకీ వెళ్ళింది. అది గొప్ప పద్యమే, కాదనను. కానీ అదే జైల్లో అదే మనిషి, చావు నెత్తి మీద వేలాడుతుండగా, జలుబు చేసిన ప్రేమికుడి మీద హాస్య పద్యం రాశాడు.

బాబాయి: దేని మీద?

అమ్మాయి: జలుబు. ముక్కు కారే జలుబు. ప్రేమ మాటలు చెప్పబోతే తుమ్ము వస్తుంది.

బాబాయి: (నవ్వు ఆపుకోలేక) గిలటిన్ కింద కూర్చుని?

అమ్మాయి: ఇది విగ్రహానికి పనికిరాదు, ప్రభుత్వానికి పనికిరాదు. మరి ఎందుకు రాశాడు? పత్రిక నడిపినవాడికి తెలుసు కాబట్టి. సంచిక మొత్తం ఏడుపే వేస్తే ఎవరూ కొనరు. లోపల పేజీలో ఒక నవ్వు ఉండాలి.

బాబాయి: అది... అది వాదం. దాన్ని ముందుకి తీసుకురా. ‘అమరకవి’ ఉన్నచోట ఇది పెట్టు. జలుబుతో మొదలుపెట్టు ప్రసంగం.

అమ్మాయి: ఓడిపోయినట్టేనా?

బాబాయి: సగం. కవిగా ఆయన తూకం ఎంతో నాకింకా తేలలేదు. తాతార్ రాని నేనూ, తాతార్ రాని నువ్వూ రష్యన్ మీదుగానో ఇంగ్లిష్ మీదుగానో వచ్చిన గంజి తాగి అన్నం రుచి చెప్పలేం. ఆ సంగతి కూడా సభలో చెప్పు. ఇక నా షరతు ఒకటుంది. పదిమంది పేర్లూ చదవాలి. జనం విసుక్కున్నా సరే, గడియారం చూసుకున్నా సరే.

అమ్మాయి: నోరు తిరగడం లేదు బాబాయ్.

బాబాయి: అందుకే ఇప్పుడు చదవమంటున్నా. తప్పు చదివితే ఆపుతా.

అమ్మాయి: గైనాన్ కుర్మాష్. అబ్దుల్లా అలిష్. ఫువాద్ సైఫుల్‌ములూకొవ్. ఫువాద్ బులాతొవ్. గరీఫ్ షబాయెవ్...

బాబాయి: నెమ్మదిగా.

అమ్మాయి: గరీఫ్ షబాయెవ్. అహ్మెత్ సిమాయెవ్. అబ్దుల్లా బత్తాల్. జిన్నత్ హసనొవ్. అఖాత్ అత్నాషెవ్. సలీం బుఖారొవ్.

బాబాయి: ఆఖరిది బుఖారొవ్ కాదు, బుఖాలొవ్. మళ్ళీ మొదట్నించి చదువు.